పని మధ్యలో ఐదు నిమిషాలు లేస్తే లాభమా, నష్టమా?

ప్రశ్న (షోలాపూర్, టవళ్ల కార్ఖానాలో లెక్కలు రాస్తాను):
25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నాలుగుసార్లయ్యాక ఇంకాస్త ఎక్కువసేపు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతి ఇది. నాకు తప్పులు తగ్గాయి. మగ్గాల దగ్గర చెబితే "నీకు నెల జీతం, మాకు నేసినదానికే కూలి" అన్నారు. మీరేమంటారు?

మగ్గం నడిపే అన్న:
తమ్ముడూ, మగ్గం నీ గడియారం వినదు. ఒకదాంట్లో కండెలో నూలు అయిపోతుంటే ఇంకోదాంట్లో పోగు తెగుతుంది. నేను బయటికెళ్తే మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. మధ్యాహ్నం అన్నానికి లేస్తాం, చాలు.

విడీ ఘర్కుల్ (షోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ) నుంచి ఒక అక్క:
అన్నా, మాదీ వెయ్యి బీడీల లెక్కే. అయినా నీ మాట ఒప్పుకోను. ఒకప్పుడు నేనూ పొద్దున కూర్చుంటే అన్నం దాకా లేచేదాన్ని కాదు. పదకొండు దాటేసరికి మెడ పట్టేసేది, బొటనవేలు మొద్దుబారేది. పొద్దున చుట్టిన కట్ట గట్టిగా ఉండేది. ఆ వేళకి చుట్టినవి నడుమ వదులు, దారం జారిపోయేది. కార్ఖానాలో వాటిని పక్కన పడేస్తే ఆకూ పోయె, కూలీ పోయె.

ఇప్పుడు నాలుగు కట్టలు కాగానే ఒళ్లో చేట దించేస్తాను. మంచినీళ్లు తాగి, వాకిట్లో నాలుగడుగులు వేస్తాను. ఫోన్ ముట్టను, అదీ తల వంచుడే కదా. సాయంత్రానికి వెయ్యి అవుతున్నాయి, వెనక్కొచ్చేవి తగ్గాయి.

అన్నం వేళ విశ్రాంతి ఎవరి దయా కాదన్నా. 5 గంటలకు మించి ఏకధాటిగా పని చేయించొద్దని, కనీసం అరగంట ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మా బీడీ కార్ఖానాలకు 1966లో చట్టం వచ్చింది. కానీ ఇంట్లో చుట్టేవాళ్లకు గంట కొట్టేవాళ్లుండరు, మనమే లేవాలి. మీ దగ్గర పక్కతను నీ మగ్గాలు కాసేపు చూస్తే, తర్వాత అతనివి నువ్వు చూడు.

మగ్గం నడిపే అన్న:
అక్కా, అతను ఇటు తిరిగేలోపు పోగు తెగితే టవల్‌లో గీత పడుతుంది. కోత పడేది నా కూలిలోనే. అదే నా టెన్షన్. ఐదు నిమిషాలు కుదరదు. రెండు నిమిషాలకైతే రేపు రాత్రి షిఫ్ట్‌లో అతన్ని అడుగుతా.