థాచ్ అంటే పూరిపాకేనా?

ప్రశ్న: ఇంగ్లండులో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ మీద ఒక యాత్రావ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడి 'ఓల్డ్ థాచ్ టావెర్న్' దగ్గర కలం ఆగింది. 'పాత పూరిపాక కల్లు దుకాణం' అంటే తప్పా?

జవాబు: ముందు కల్లు తీసేయండి. అక్కడ పోసేది బార్లీని పులియబెట్టి చేసే ఏల్. 'పబ్బు' మనకు అలవాటైన మాటే, ఉండనివ్వండి. నా పేచీ అంతా పూరిపాకతోనే. పూరి అంటే ఇల్లు కప్పే గడ్డి కాబట్టి నిఘంటువు ప్రకారం మీది ఒప్పే. కానీ తెలుగులో పూరి వెంట లేమి కూడా వస్తుంది. 'పూరిగుడిసెలో పుట్టి' అని మొదలుపెడితే మిగతా కథ మనమే చెప్పేస్తాం. ఆ పబ్బు కథ వేరు.

అది 1470 నాటిదని పబ్బువారు చెప్పుకుంటారు. ఉన్నది రోథర్ వీధి దగ్గర, పాత సంత చోట. (రోథర్ అంటే పాత ఇంగ్లీషులో కొమ్ముల పశువు. అచ్చంగా మన పశువుల సంతే!) ఒకప్పుడు ఆ ఊళ్లో గడ్డికప్పులు మామూలు. 1594లో, మరుసటి ఏడే మళ్లీ, ఊరు అంటుకుంది. 1614 జులైలో రెండు గంటలైనా పట్టకుండా 54 ఇళ్లు బూడిదయ్యాయి. షేక్‌స్పియర్ అప్పటికి బతికే ఉన్నాడు, ఆయన ఇల్లు మాత్రం తప్పించుకుంది. ఆ దెబ్బతో గడ్డికప్పులు వద్దని కట్టడి చేశారు. నేడు ఊరి నడుమ గడ్డికప్పుతో మిగిలింది ఈ పబ్బొక్కటే అంటారు. పొరుగిళ్లన్నీ గడ్డివే అయితే ఆ గడ్డి పేరులోకి ఎక్కేదా అని నా అనుమానం.

మరొకరు: 'తాటాకు పబ్బు' అంటే కళ్లకు కడుతుంది కదండీ!

జవాబు: కడుతుంది, కోనసీమ! అక్కడ కప్పేది గోధుమగడ్డి, రెల్లు.

ఇంకొకరు: టావెర్న్‌ను 'పూటకూళ్ల ఇల్లు' అనకూడదా? క్రీడాభిరామంలో ఓరుగల్లుదే ఉందిగా.

జవాబు: అక్కడ రూకకు దొరికేది కమ్మని భోజనం. టావెర్న్ మొదట ద్రాక్షసారా అమ్మిన చోటు. ఇక థాచ్ సంగతి. పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం గడ్డి కాదు, ఇంటి పైకప్పు. ధాతువు కప్పడమే. మన 'కప్పు' పుట్టుకా అదే. 'గడ్డికప్పు పబ్బు' అనండి, చాలు.

అడిగినవారు: అలాగే రాశాను. మా అమ్మాయి చదివి, 'గడ్డి కప్పులో ఏం తాగుతారు?' అని అడిగింది.