ఆర్నిస్‌లో పొడవాటి కర్ర: కర్రసాము వచ్చినవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – దవావోలో వైద్య విద్యార్థి

నమస్కారం. చిన్నతనంలో మా పెదనాన్నగారి వద్ద కర్రసాము నేర్చుకున్నాను. దసరాకూ పీర్ల పండుగకూ ఊరేగింపులో తిప్పేవాళ్లం కనుక నిలువెత్తు వెదురుకర్ర నా చేతికి కొత్త కాదు. ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లోని దవావోలో చదువుకుంటూ ఆర్నిస్ అనే ఇక్కడి కర్ర యుద్ధకళ నేర్పే ఒక గురువుగారి శిక్షణలో చేరాను. పొడవాటి కర్ర నేర్పమని కోరితే ఆయన 28 అంగుళాల బెత్తం చేతికిచ్చి, ముందు అంకెలూ అడుగులూ రావాలన్నారు. పెద్దకర్రకు ఈ చిన్న బెత్తం నిజంగా పునాది అవుతుందా, లేక కొత్తవారందరికీ ఒకే పాఠం చెప్పడం ఇక్కడి ఆనవాయితీయా? కర్రను ఎక్కడ పట్టుకోవాలో, ఎలాంటిది కొనాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – సెబూలో నేర్చుకున్న వ్యాయామ ఉపాధ్యాయుడు

మీ గురువుగారు చెప్పింది సబబేనండీ. ఆర్నిస్‌లో పాఠం ఆయుధాన్ని బట్టి కాక, దెబ్బ వచ్చే దారిని బట్టి నడుస్తుంది. కుడి భుజం మీదుగా ఏటవాలుగా దిగే దెబ్బ ఒకటి, ఎడమవైపు నుంచి అదే తీరున దిగేది రెండు, ఆ తరువాత పక్కటెముకలకో మోచేతికో అడ్డంగా వచ్చేవి, పొట్టలోకి పొడిచేది అయిదు; స్థూలంగా ఇదీ వరుస. రెమీ ప్రెసాస్ రూపొందించిన మోడరన్ ఆర్నిస్‌లో ఇవి పన్నెండు. అంకెల క్రమం బడిని బట్టి మారుతుంది కానీ, చేతిలో బెత్తం ఉన్నా కత్తి ఉన్నా సిబాత్ అని పిలిచే పొడవాటి కర్ర ఉన్నా ఆ దారులు మారవు. అందుకే చిన్న బెత్తంతో ఒంట్లో ఇంకిన పాఠం పెద్దకర్ర పట్టిన రోజున వృథా పోదు.

పట్టు విషయానికొస్తే రెండు ముఖ్యమైనవి. కర్రను మూడు సమభాగాలు చేసి, ఆ రెండు గుర్తుల దగ్గర చేతులు ఉంచడం మొదటిది. ఒక కొన ఒకటో దారిలో దిగుతుండగానే రెండో కొన వెనక్కి లేచి రెండో దారికి సిద్ధమవుతుంది కాబట్టి, దగ్గరి పోరులో కర్రను వెనక్కి లాక్కునే పని ఉండదు. వెనుక చేయి కర్ర చివర తుంటి వద్దా, ముందు చేయి దానికి మూరెడు దూరంలోనూ ఉండేది రెండో పట్టు. ఇది దూరం నుంచి కొట్టడానికీ పొడవడానికీ. పొడిచేటప్పుడు వెనుక చేయి మాత్రమే తోస్తుంది. ముందు చేతి వేళ్లు కొద్దిగా సడలితే, గోదావరి మీద పడవవాడి చేతుల్లో గెడ జారినట్టు కర్ర వాటి మధ్య నుంచి జారిపోవాలి. ముందు చేయి బిగిస్తే పొడుపు పొడవు సగానికి సగం తగ్గిపోతుంది. మొదట్లో ఒక పట్టు నుంచి మరొకదానికి మారడాన్నే, దెబ్బ లేకుండా నెమ్మదిగా సాధన చేయండి.

అడుగుల కోసం నేల మీద సుద్దతో ఒక త్రికోణం గీసుకోండి. నిలువుగా వెనక్కి తగ్గకుండా, దెబ్బ దారి నుంచి ఏటవాలుగా పక్కకు జరుగుతూ ముందుకు వెళ్లడమే అందులో నేర్చుకోవలసింది.

సమాధానం – కాలిఫోర్నియాలో సాధన చేస్తున్న తెలుగు మహిళ

మాస్టారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ముందు చిన్న బెత్తమే పట్టాలన్నది అన్నిచోట్లా నియమం కాదు. ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవికి చెందిన తపాదో రెండు చేతులతో పట్టే పొడవాటి కర్రకే ప్రత్యేకమైన విద్య. ఏంజెల్ కబాలెస్ 1966లో అందరికీ తలుపులు తెరిచి ఎస్క్రిమా (ఆర్నిస్‌కే మరో పేరు) బడి పెట్టిన స్టాక్టన్ మా ఇంటికి దూరం కాదు. ఆ ఊరికే చెందిన లియో గిరోన్ పరంపరలో లార్గా మానో అనే దూరపు పోరుకు పెద్దపీట వేస్తారు. అవతలివాడి ఆయుధం మనను అందుకోకముందే అతని చేతిని కొట్టి తప్పుకోవడం దాని ప్రాణం. కాబట్టి మీ గురువుగారు అంగీకరిస్తే, తరగతిలో బెత్తమూ ఇంటి దగ్గర కర్రా సమాంతరంగా సాగించవచ్చు.

కర్రసాము మీకు మణికట్టునూ భుజాన్నీ ఇచ్చింది, అది చిన్న ఆస్తి కాదు. అయితే నలుగురు చుట్టుముట్టకుండా తిప్పుతూ ఉండే కర్రకూ, ఎదుట నిలిచిన ఒక్కడి మీద గురిచూసి ఆపే కర్రకూ తేడా ఉంది. పాత టైరును ఛాతీ ఎత్తులో వేలాడదీసి కొట్టండి. మణికట్టు బిగదీసి ఉంటే రబ్బరు విసిరికొట్టిన అదురు మోచేతి దాకా పాకుతుంది. తగిన క్షణంలో మాత్రమే బిగిస్తే ఆ ఎగురుడే తరువాతి దెబ్బకు కర్రను ఎత్తి పెడుతుంది.

మళ్లీ అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పిన టైరు సాధన ఈ వారమే మొదలుపెడతాను. మాస్టారూ, మరొక్క సందేహం. ఎదుటివారి బెత్తం దెబ్బను రెండు చేతుల మధ్య భాగంతో అడ్డుకోవడం నాకు అలవాటు. నిన్న తరగతిలో అలా అడ్డుకుంటే గురువుగారు తల అడ్డంగా ఊపారు, కారణం మాత్రం చెప్పలేదు. ఇందులో తప్పేమిటి?

సమాధానం – సెబూలో నేర్చుకున్న వ్యాయామ ఉపాధ్యాయుడు

అడ్డుకోవడం తప్పు కాదు, అక్కడే ఆగిపోవడం ప్రమాదం. పెద్దకర్ర పట్టినవాడి బలహీనత ముందు చేతి వేళ్లలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ చేతికి ఏ కాపూ లేదు, పైగా అది ఎదుటివాడికి అందేంత దగ్గరలో ఉంటుంది. మీ కర్రను తాకిన బెత్తం అక్కడే ఆగదు. కర్ర వెంబడే జారుతూ వచ్చి నేరుగా మీ బొటనవేలి మీద పడుతుంది. ఆర్నిస్ నేర్చినవాడు ఆ చేతి కోసమే చూస్తాడు. అందువల్ల పక్కకు అడుగు వేస్తూ, కర్రను కొద్దిగా ఏటవాలుగా ఉంచి దెబ్బను బయటికి జార్చి, అదే ఊపులో రెండో కొనతో అతని చేతిని కొట్టడం మేలు. బొటనవేలు పైకి నిక్కి ఉండకుండా మిగతా వేళ్ల మీదికి మడిచి పట్టండి. జోడీ సాధనకు ఫెన్సింగ్ మాస్కూ మందపాటి చేతి తొడుగులూ తప్పనిసరి. నిలువెత్తు కర్ర కొన వేగం చిన్న బెత్తం కంటే చాలా ఎక్కువ కాబట్టి, అవి ఉన్నా కూడా సగం వేగం దాటకండి.

కర్ర గురించి కూడా అడిగారు. జోడీ సాధనకు వెదురు వద్దు. అది పగిలితే చీలికలు కత్తుల్లా లేస్తాయి. బెత్తంతో (రాటన్) చేసిన పెద్దకర్రయితే నలిగి పీచు తేలుతుందే తప్ప ముక్కలై ఎగరదు. అయిదు నుంచి ఆరడుగుల పొడవు, అంగుళం పైచిలుకు మందం ఉన్నది చూసుకోండి. బాహీ, కమగోంగ్ వంటి గట్టి చెక్కలు ఒంటరి సాధనకు బాగుంటాయి కానీ తోటివారి ముందు వాటిని బయటికి తీయకండి. ఫిలిప్పీన్స్‌లో 2009లో ఆర్నిస్‌ను జాతీయ యుద్ధకళగా, క్రీడగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది, అక్కడి పాఠశాలల్లో కూడా నేర్పుతారు కనుక, బెత్తం దొరకడం మీకు కష్టం కాదు. కొనేముందు ఒక కొన నేల మీద ఆనించి మధ్యలో అరచేత్తో నొక్కి చూడండి. కొద్దిగా వంగి వెంటనే నిటారుగా లేచినదాన్నే తీసుకోండి.