మాన్‌స్టెరాకు కుండీ మార్చాలా, ఇంకొంతకాలం ఆగాలా?

అడిగినవారు:
నమస్తే అండి. మా ఇంట్లో మాన్‌స్టెరా (పెద్ద చీలికల ఆకులు వేసే ఇంటి మొక్క) రెండేళ్లకు పైగా అదే 6 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉంది. ఈమధ్య నీళ్లు పోస్తే పోసినట్టే కింది పళ్లెంలోకి దిగిపోతున్నాయి, మర్నాటికే మట్టి పొడిపొడిగా ఉంటోంది. కింది ఆకులు రెండు పసుపెక్కాయి. కొత్తగా వచ్చిన ఆకు చిన్నగా ఉంది, చీలికలు కూడా లేవు. కాండం నుంచి లావుపాటి వేళ్లు గాల్లోకి వేలాడుతున్నాయి. ఇదంతా కుండీ చాలకేనా? మాటిమాటికీ మార్చే పని లేకుండా ఒకేసారి 14 అంగుళాల కుండీలో పెడదామనుకుంటున్నాను.

జవాబు:
ఆకుల్ని చూసి తేల్చకండి. మొక్కను కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. మీరు చెప్పిన లక్షణాలు చాలావరకు వేరే కారణాలతోనూ వస్తాయి. ఆకులు పసుపెక్కడం నీళ్లు ఎక్కువైనా జరుగుతుంది. చీలికల్లేని చిన్న ఆకు సాధారణంగా వెలుతురు చాలదని చెబుతుంది. గాలి వేళ్ల గురించి అసలు కంగారు వద్దు. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న అడవుల్లో చెట్ల మీదికి పాకే మొక్క, పట్టుకోడానికే ఆ వేళ్లు వేస్తుంది. కుండీ ఎంత పెద్దదైనా వేస్తూనే ఉంటుంది.

నీళ్లు ఆగకపోవడం మాత్రం గట్టి సూచనే. అయితే దానికీ రెండు కారణాలుండొచ్చు. వేళ్లు కుండీని నింపేసి మట్టికి చోటు లేకపోవడం ఒకటి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బాగా ఎండి కుండీ అంచుల నుంచి విడిపోవడం రెండోది. అప్పుడు నీళ్లు ఆ సందులోంచే జారిపోతాయి, లోపల మాత్రం తడి అంటదు. ఏదో తెలియాలంటే కుండీని బకెట్ నీళ్లలో అరగంట ఉంచి తీయండి. ఆ తర్వాత నాలుగైదు రోజులు తడి నిలిస్తే మట్టి ఎండటమే కారణం. మళ్లీ మర్నాటికే ఆరిపోతే వేళ్లు నిండాయన్నమాట.

మొక్కను తీసేముందు రోజు నీళ్లు పోయండి. కుండీని పక్కకి పడుకోబెట్టి ప్లాస్టిక్‌ని చుట్టూ నొక్కి వదులు చేసి, కాండం మొదలు పట్టుకుని మెల్లగా జరపండి. లాగొద్దు. వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని, మట్టి పెద్దగా కనబడకపోతే మార్చాల్సిందే. మట్టే ఎక్కువగా కనిపిస్తూ అక్కడక్కడ తెల్లటి వేళ్లుంటే అలాగే వెనక్కి పెట్టేయండి, మొక్కకేమీ కాదు.

14 అంగుళాలు మాత్రం వద్దండి, 8 చాలు. ఉన్నదానికన్నా ఒకటి రెండు అంగుళాల వెడల్పు పెంచితే సరిపోతుంది. వేళ్లు చేరని మట్టిలో నీళ్లు తాగేవాళ్లుండరు, అది రోజుల తరబడి తడిగానే ఉంటుంది. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు, కుళ్లు మొదలవుతుంది.

అడిగినవారు:
తీసి చూశానండి. అడుగున చుట్టలే చుట్టలు. ఒక లావు వేరు రంధ్రంలోంచి బయటికొచ్చి ఇరుక్కుపోయింది. కొన్ని గోధుమరంగులో ఉన్నాయి, అవి కుళ్లినవేనా? కొత్త కుండీలో తోట మట్టి వేయొచ్చా?

జవాబు:
ఆ వేరును లాగకండి, ప్లాస్టిక్ కుండీనే కత్తిరించేయండి. పోతే కుండీ పోతుంది.

రంగు చూసి కుళ్లిందనుకోవద్దు. పాత వేళ్లు గోధుమరంగుకు మారతాయి, కోకోపీట్ మరక కూడా పడుతుంది. వేరును రెండు చేతివేళ్ల మధ్య పట్టి నొక్కండి. గట్టిగా ఉంటే మంచిదే. మెత్తగా నలిగి, పైతొక్క ఊడి చేతికొచ్చి లోపల దారంలాంటిది మిగిలితే అది కుళ్లు. వాసనా వస్తుంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో గట్టిగా ఉన్న భాగం వరకూ కత్తిరించండి. చేతికి తొడుగులు వేసుకోండి. ఈ మొక్క రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చర్మం దురద పెడుతుంది. ముక్కలు పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా పారేయండి.

అడుగు చుట్టల్ని చేతివేళ్లతో నెమ్మదిగా విప్పండి. పాత మట్టంతా దులిపేయక్కర్లేదు. నీళ్లు పీల్చేది సన్నటి వేళ్లే, దులిపితే ముందు తెగేవీ అవే.

తోట మట్టి ఒక్కటే వేస్తే కుండీలో గట్టిపడిపోతుంది. రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు), ఒక పాలు చెట్టు బెరడు ముక్కలు, గుప్పెడు వర్మీకంపోస్ట్ కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు, కడిగినదని ప్యాకెట్ మీద లేకపోతే రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండేయండి.

మరో సభ్యురాలు:
అడుగున గులకరాళ్లు వేయడం మర్చిపోకండి, నీళ్లు త్వరగా దిగుతాయి.

జవాబు:
చాలామంది చెప్పే మాటే అమ్మా, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. సన్నటి మట్టిలోని నీరు అది పూర్తిగా నిండేదాకా కిందున్న రాళ్ల సందుల్లోకి దిగదు. దాంతో ఎప్పుడూ అడుగున ఉండాల్సిన తడి పొర కాస్తా రాళ్ల మీదికి, అంటే వేళ్లకు ఇంకా దగ్గరికి వస్తుంది. మట్టి జారకుండా రంధ్రం మీద చిన్న జాలీ ముక్క పెడితే చాలు.

ఊతకర్ర పెట్టాలనుకుంటే మట్టి నింపకముందే పెట్టండి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. మొక్క ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉండాలి. అంచుకు అంగుళం కింద దాకా మట్టి నింపి కుండీని నేలకు తట్టండి, అదే సర్దుకుంటుంది. పిడికిలితో అదమొద్దు. కింది నుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోసి, మళ్లీ పై రెండు అంగుళాలు ఆరాకే పోయండి. నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. నెల, నెలన్నర ఎరువు జోలికి పోవద్దు.

మరో సభ్యురాలు:
థాంక్సండి, గులకరాళ్ల సంగతి తెలియదు. మా స్నేక్ ప్లాంట్‌కీ జీజీ ప్లాంట్‌కీ ఇదే పద్ధతా?

జవాబు:
అవి ఇరుకును ఓర్చుకుంటాయి, తొందరపడొద్దు. జీజీకి దుంపల్లో నీళ్లు దాగి ఉంటాయి కాబట్టి పెద్ద కుండీలో నిలిచే తడే దానికి ప్రమాదం. ప్లాస్టిక్ కుండీ పక్కలకి ఉబ్బితే అప్పుడు మార్చండి. మొక్క ఇంకా పెరగడం ఇష్టం లేకపోతే అదే కుండీలో కూడా పెట్టొచ్చు. అడుగు నుంచీ పక్కల నుంచీ పావు వంతు వేళ్లు కత్తిరించి కొత్త మట్టి వేయాలి. ఏ మొక్కకైనా చిగురు వేసే వెచ్చటి కాలంలో చేస్తే త్వరగా కోలుకుంటుంది. కుళ్లు కనిపిస్తే మాత్రం ఏ కాలమని చూడకండి.

అడిగినవారు:
8 అంగుళాల దాంట్లోకి మార్చి వారమైంది. ఆకులు కాస్త వాలాయి, మరో పాత ఆకు పసుపెక్కుతోంది. నీళ్లు పోయనా?

జవాబు:
ముందు వేలు గుచ్చి చూడండి. లోపల తడి ఉంటే పోయొద్దు. వేళ్లు తెగిన మొక్క మట్టి తడిగా ఉన్నా కొన్నాళ్లు సరిగ్గా నీళ్లు పీల్చలేదు, అందుకే వాలుతుంది. పసుపు ఆకును పూర్తిగా పండనిచ్చి కాండం దగ్గర కత్తిరించండి, ఈలోగా అందులోని పోషకాల్ని మొక్క వెనక్కి తీసుకుంటుంది. కొత్త చిగురు నల్లబడినా, కాండం మొదలు మెత్తబడినా ఆగకండి, మొక్కను మళ్లీ బయటికి తీసి వేళ్లు చూసి ఇక్కడ రాయండి.