కంట్లో చిప్ కోసం స్థలం అమ్మేయాలా?

మధురవాడ తమ్ముడు:
మా అన్నయ్యకి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక ఉండే రెటీనా పొర మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, ఇప్పుడు వెలుతురు ఉందో లేదో మాత్రమే తెలుస్తోంది. కంట్లో చిప్ పెట్టి చూపు తెప్పిస్తున్నారని ఎవరో వీడియో పంపారు. అప్పట్నుంచి అమ్మది ఒకటే మాట: ఆనందపురం స్థలం అమ్మేసి విదేశాలకి తీసుకెళ్దామని. అన్నయ్య ఏమీ అనడం లేదు. ఏం చేయమంటారు?

సీతమ్మధార:
అమ్మేయండి. కళ్లు లేకపోతే ఎన్ని గజాలుండి ఏం లాభం?

వాల్తేరు అక్క:
తొందరపడకు తమ్ముడూ. ఈమధ్య వార్తల్లో ఉన్న చిప్ పేరు ప్రిమా. రెండు మిల్లీమీటర్ల పలక, 378 పిక్సెళ్లు. కళ్లద్దాల్లోని కెమెరా చూసిన దృశ్యం ఇన్‌ఫ్రారెడ్ వెలుగుగా దాని మీద పడుతుంది. చిప్ ఆ వెలుగుని కరెంటుగా మార్చి రెటీనాలో మిగిలిన కణాలకి అందిస్తుంది. 2025లో వచ్చిన ఫలితాల్లో, ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగైంది. గొప్ప విషయమే. కానీ వాళ్లందరిదీ వయసు మీద పడ్డాక మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, దెబ్బతినే జబ్బు. మీ అన్నయ్యది వేరు.

ఆయన జబ్బుకి వచ్చిన చిప్ ఆర్గస్-2. అమెరికాలో 2013లో అనుమతి ఇచ్చారు, అప్పట్లో ధర సుమారు లక్షన్నర డాలర్లు. రెటీనాకి కరెంటు అందించే ఎలక్ట్రోడ్లు 60 మాత్రమే, కాబట్టి ముఖాలు కనిపించవు. వెలుగు చుక్కలు మెరుస్తాయి. తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ చుక్కల్ని బట్టి గుమ్మం ఎక్కడుందో పోల్చుకోవడం ఓపిగ్గా నేర్చుకోవాలి. ప్రపంచం మొత్తమ్మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో సెకండ్ సైట్ కంపెనీ దాన్ని తయారుచేయడం మానేసింది, మరుసటి ఏడాది ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. కెమెరా దృశ్యాన్ని చిప్‌కి పంపడానికి ఒంటికి తగిలించుకునే పెట్టె ఒకటుంటుంది, అది పాడైతే దిక్కులేదు. చిప్ మాత్రం కంట్లోనే ఉండిపోయింది.

మనిషి ఒంట్లో ఒక వస్తువు పెట్టినవాళ్లు అతను బతికున్నంతకాలం దానికి పూచీ పడాలి. అది కాగితం మీద రాసిచ్చేదాకా నేనైతే ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోను. ముందు హనుమంతవాక ఎల్.వి.ప్రసాద్‌లో రెటీనా డాక్టర్‌కి చూపించి, జన్యు పరీక్ష గురించి అడగండి. మీ ఇంట్లో మేనరికాలుంటే ఆ సంగతీ చెప్పండి.

గాజువాక:
నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే ఇక్కడ రాస్తున్నాను. "కళ్లు లేకపోతే ఏం లాభం" అన్న మాట మీ అన్నయ్య చెవిన పడనివ్వకండి. నేను రోజూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తున్నాను.

అలాగని అక్క మాటతో పూర్తిగా ఏకీభవించలేను. తలుపు తెరిచుందా, ఎదురుగా ఎవరైనా నిలబడ్డారా అన్నది ఎవర్నీ అడక్కుండా తెలియడం చిన్న విషయం కాదండీ. కంపెనీ మూతపడొచ్చని తెలిసి కూడా ఎవరైనా ముందుకొస్తే, వద్దనడానికి మనమెవరం? కాకపోతే డాక్టర్‌తో మాట్లాడాల్సింది మీ అమ్మగారు కాదు, మీ అన్నయ్య. పెట్టె పాడైతే ఎవరు బాగుచేస్తారు, చిప్ తీయాల్సొస్తే ఖర్చు ఎవరిది, రేపు ఎమ్మారై అవసరమైతే ఏం చేయాలి, ఈ మూడూ ఆయన నోటితో ఆయన్నే అడగనివ్వండి.