ఎనిమిదేళ్లు షెడ్డులో ఉన్న పద్మిని: కార్బొరేటర్‌కి పెట్రోలు అందట్లేదు

పెదవాల్తేరు పద్మిని:

అందరికీ నమస్కారం. బండి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని, పెట్రోలు. సోలెక్స్ కార్బొరేటర్, మెకానికల్ పంపు. ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది, బీచ్ కిలోమీటరు లోపే. ఆపినప్పుడు టాంకులో ఆరేడు లీటర్లు ఉండొచ్చు. కొత్త బ్యాటరీ వేశాం, స్పార్కు బాగుంది, ఇంజిన్ ఫ్రీగా తిరుగుతోంది. కార్బొరేటర్ నోట్లో రెండు చెంచాల పెట్రోలు పోస్తే వెంటనే అందుకుంటోంది, కాసేపు నడిచి ఆగిపోతోంది. పాతదాని మీదే మరో 5 లీటర్లు పోసినా మార్పు లేదు. పంపు తర్వాత పైపు విప్పి సెల్ఫ్ కొడితే చుక్క రావట్లేదు.

పంపు పోయింది, ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దాం అంటున్నాడు మెకానిక్. నిజంగా పంపేనా అని తేల్చుకోవడం ఎలా?

గాజువాక స్పానర్:

ఇప్పుడే పంపు కొనకండి. పంపు దాకా పెట్రోలు వస్తోందో లేదో చూడకుండా పంపు పోయిందనడం తొందరపాటు.

ముందుగా డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ ఉండాల్సిన గీత కంటే పైకి ఉన్నా పంపు డయాఫ్రం (లోపల పెట్రోలుని లాగే రబ్బరు పొర) చిరిగి పెట్రోలు కింద ఆయిల్లోకి దిగుతోందని అర్థం. అలాగైతే ఇక సెల్ఫ్ కొట్టొద్దు. ఆయిల్ పల్చబడి బేరింగులు పోతాయి. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి ఉన్నా అదే కథ.

ఆయిల్ బాగుంటే సీసా పరీక్ష చేయండి. అరలీటరు సీసాలో తాజా పెట్రోలు పోసి, టాంకు నుంచి పంపుకి వచ్చే పైపు తీసేసి, ఆ చోట ఒక గొట్టం తగిలించి రెండో కొస సీసాలో ముంచండి. సీసా పంపు కంటే కిందే ఉండాలి. పైన పెడితే పెట్రోలు తనంతట తానే దిగి వచ్చేస్తుంది, పంపు పీలుస్తోందో లేదో తెలియదు. పంపు బయటి పైపుని ఇంకో సీసాలో పెట్టి, స్పార్కు రాకుండా, ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకి, దాని కొస దేనికీ తగలకుండా పెట్టి (ఇది మర్చిపోతే నిప్పుతో చెలగాటమే) సెల్ఫ్ కొట్టండి. ఎండిపోయిన పంపు అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. అందుకున్నాక ఆగి ఆగి, కానీ గట్టిగా చిమ్మాలి. అలా చిమ్మితే పంపు బాగున్నట్టే.

పీల్చకపోతే పంపు లోపలికి పీల్చే మూతి మీద వేలు ఆన్చి సెల్ఫ్ కొట్టించండి. వేలిని లాగి, ఆపాక కూడా కొన్ని సెకన్లు పట్టు నిలవాలి. లాగి వెంటనే వదిలేస్తే లోపలి వాల్వులు జిగురుకి అంటుకున్నాయి. అసలు లాగకపోతే డయాఫ్రం. మొదటిదైతే పంపు విప్పి కార్బ్ క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు సరిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు పంపుకీ బ్లాకుకీ మధ్య ఉన్న ప్యాకింగ్ ఎంత మందం ఉందో అంతే వేయండి. మందం పెరిగితే లివర్ కదలిక తగ్గి, బాగున్న పంపు కూడా చాలీచాలకుండా కొడుతుంది.

కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోసి స్టార్ట్ చేయడం ఇక ఆపేయండి. ఒక్కసారి వెనక్కి తన్నిందంటే మంట బానెట్ దాకా లేస్తుంది. పక్కన డ్రై పౌడర్ సిలిండర్ లేకుండా ఈ పనులేవీ మొదలుపెట్టొద్దు.

ఉప్పుగాలి:

స్పానర్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఇలా నిలిచిపోయిన బండ్లలో పంపు కంటే ముందు అనుమానించాల్సింది టాంకు నుంచి పంపు దాకా ఉండే దారిని. రబ్బరు గొట్టం పగిలితే పెట్రోలు కారాలి కదా అనుకుంటారు. ఈ భాగంలో పంపు లాగుతుంది తప్ప నెట్టదు. కాబట్టి పగులులోంచి పెట్రోలు బయటికి రాకుండా గాలి లోపలికి పోతుంది. కింద నేల పొడిగా ఉందంటే పైపు బాగున్నట్టు కాదు.

పంపుకి ముందు ఒక అడుగు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా వేసి సెల్ఫ్ కొట్టండి. బుడగలు వస్తే గాలి పీలుస్తోంది, ఏమీ రాకపోతే దారి మూసుకుపోయింది. ఆ గొట్టాన్ని మాత్రం అలాగే వదిలేయకండి, పెట్రోలు తగిలి నాలుగు రోజుల్లో కట్టెలా బిగుసుకుపోతుంది.

తర్వాత టాంకు మూత తీసి, పంపు దగ్గర విప్పిన పైపులోంచి సైకిల్ పంపుతో వెనక్కి గాలి కొట్టండి. ఒకరు టాంకు మూతి దగ్గర చెవి పెట్టాలి. బుడబుడమని వినిపిస్తే పైపు తెరిచే ఉంది. వినిపించకపోతే టాంకు లోపలి జాలీ గానీ, ఛాసిస్ వెంబడి వెళ్లే పైపు గానీ పూడుకుపోయింది. టైర్ల షాపు కంప్రెసర్ మాత్రం వాడొద్దు, తుప్పు తిన్న పైపు అక్కడే చిట్లుతుంది.

టాంకు అడుగు పెట్రోలు కొంచెం గాజు సీసాలోకి తీసి గంటసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోతే కింద ఉన్నది నీళ్లు. మన దగ్గర గాలిలో తేమకి, సగం ఖాళీగా ఉన్న టాంకులో పై భాగం లోపలినుంచి చెమర్చి తుప్పు పడుతుంది. వార్నిష్ వాసన వస్తే ఆ పెట్రోలు బండికి పనికిరాదు. దాని మీద కొత్తది పోసి కలిపేస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఇప్పుడు వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత జిగురుని కరిగించి ఊడదీస్తుంది, ఆ మడ్డంతా ఫిల్టరుకీ, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న ఇత్తడి రంధ్రాలైన జెట్లకీ చేరుతుంది.

పెదవాల్తేరు పద్మిని:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆయిల్లో వాసన లేదు. సీసా కింద పెట్టి చూస్తే పంపు బ్రహ్మాండంగా చిమ్మింది. పంపు పైపు మళ్లీ కార్బొరేటర్‌కి తగిలించి, సీసా పెట్రోలుతోనే స్టార్ట్ చేస్తే నడుస్తోంది, కానీ చోక్ (గాలి తగ్గించే మీట) సగం లాగితేనే. చోక్ నెట్టేస్తే ఐడిల్లో ఆగిపోతోంది. టాంకు వైపు గాలి కొడితే శబ్దమే రాలేదు. టాంకు అడుగున తీసింది టీ డికాక్షన్‌లా ఉంది, కింద నీళ్లు కూడా. టాంకు దించక తప్పదా?

ఉప్పుగాలి:

దించాల్సిందే. గేజి సెండర్ (పెట్రోలు మట్టం చెప్పే భాగం), పైపు, జాలీ అన్నీ తీసేసి, ఉన్న పెట్రోలంతా ఆరుబయట ఇనుప డబ్బాలోకి వంపండి. బట్టల సబ్బు పొడి కలిపిన వేడినీళ్లతో ముందు జిగురు వదిలించాలి, జిగురు కింద ఉన్న తుప్పుకి యాసిడ్ అందదు. లోపల పెచ్చులు రాలడానికి నట్లు పోసి ఊపేవాళ్లుంటారు, ఒకటి లోపలే ఉండిపోతే వెతుక్కోవాలి. మూర పొడవు గొలుసైతే ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది.

ఆ తర్వాత నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). పది లీటర్ల వేడినీళ్లకి కిలో చొప్పున కలిపి టాంకు నిండా పోయండి, పై భాగానికి కూడా అందాలి. ఒక రోజు ఉంచి చూడండి, తుప్పు ఇంకా ఉంటే కొత్తగా కలిపిన నిమ్మ ఉప్పు నీళ్లతో మరోసారి. విశాఖ పూర్ణా మార్కెట్‌లో కిలోల లెక్కన దొరుకుతుంది. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, తుప్పుతోపాటు రేకునీ తినేస్తుంది. పారబోశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో ఇంకోసారి కడిగి, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టండి. సాయంత్రం దాకా తడిగా వదిలేస్తే మళ్లీ ఎర్రగా పట్టేస్తుంది. ఆరగానే కొంచెం 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల ఆయిల్) కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తిప్పాలి.

టాంకు బెల్టు కింద, దుమ్ము నిలిచే పై అంచున పిన్ను రంధ్రాలు ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఖాళీ టాంకు కదా అని వెల్డింగ్ షాపుకి పంపొద్దు, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది.

గాజువాక స్పానర్:

చోక్ లాగితేనే ఐడిల్ నిలబడుతోందంటే పైలట్ జెట్ (ఐడిల్‌కి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) మూసుకుపోయినట్టే. విప్పి వెలుతురుకి పెట్టి చూడండి, గుండ్రటి చుక్క వెలుగు కనిపించాలి. వైరు పెట్టి పొడవొద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పారేయాల్సిందే. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, ఇంకా వదలకపోతే వలలకి వాడే సన్న నైలాన్ దారం దూర్చండి. ఫ్లోట్‌ని (కార్బొరేటర్ గిన్నెలో తేలేది) మరిగే నీళ్లలో ముంచండి. బుడగలు వస్తే చిల్లు ఉన్నట్టు. గిన్నె నిండగానే పెట్రోలు ఆపే నీడిల్ వాల్వు కొనమీద గాడి పడి ఉంటే మార్చేయండి.

మార్క్ ఫోర్:

ఎలక్ట్రిక్ పంపు సంగతి ఎవరూ చెప్పలేదు. పంపు చిమ్ముతోంది కాబట్టి అక్కర్లేదు. ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే 2 నుంచి 4 పీఎస్ఐ ఒత్తిడి ఇచ్చేదే, అదీ టాంకు దగ్గర. కొత్త కార్ల ఇంజెక్షన్ పంపు చవగ్గా దొరుకుతుందని పెడితే 40 పీఎస్ఐ పైనే ఉంటుంది, నీడిల్ వాల్వు ఆపలేదు, కార్బొరేటర్ పొంగిపోతుంది.

గొట్టాలు మొత్తం మార్చండి, ఫ్లోరో రబ్బరు పొర ఉన్నవి. వాటి మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉంటుంది. మామూలు నల్ల గొట్టం ఇథనాల్‌కి లోపలినుంచి ఉబ్బి నలుసులు వదులుతుంది. పంపు డయాఫ్రం ఇప్పుడు బాగున్నా పాత రబ్బరే కదా, ఇథనాల్‌కి తట్టుకునే కిట్ ఒకటి తెచ్చి వేసేయండి. ఛాసిస్ పైపు మార్చాల్సి వస్తే రాగిది వేస్తామంటారు. వద్దు. అదురుకి పగులుతుంది, పైగా రాగి తగిలితే పెట్రోలు త్వరగా జిగురు పడుతుంది. బ్రేకు పైపులకి వాడే స్టీలు గొట్టం నయం.

అంతా అయ్యాక కూడా గట్టిగా లాగించినప్పుడు బండి తడబడుతూ, ప్లగ్గులు తెల్లగా వస్తుంటే మెయిన్ జెట్ చూడండి. సోలెక్స్ జెట్ మీది అంకె మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, 115 అంటే 1.15 మి.మీ. ఇథనాల్ లేని పెట్రోలుకి లెక్కేసిన జెట్‌తో 20 శాతం ఇథనాల్ పోస్తే మిశ్రమం సుమారు 8 శాతం పల్చబడుతుంది (గాలికి తగినంత ఇంధనం అందదు). 115 నుంచి 120కి వెళ్తే రంధ్రం వైశాల్యం దాదాపు 9 శాతం పెరిగి అది సర్దుకుంటుంది. అయితే ముందు కొత్త ఫిల్టరు వేసి ఓ 50 కిలోమీటర్లు తిప్పి, ఆ ఫిల్టరు కూడా మార్చి, ఆ తర్వాతే జెట్ ముట్టుకోండి. టాంకు మూత గాలి రంధ్రం కూడా మూసుకుపోయిందేమో ఒకసారి ఊది చూడండి.