ప్రాచీన ఈజిప్టులో నగరాలు ఉండేవా, లేక గుడులూ సమాధులేనా?

పాత పలక:
గత వారం ఈ వేదికలోనే ఒక సభ్యుడు కర్ణాక్ ఆలయం గురించి రాస్తూ "ఫారోల కాలపు మహానగరాలు" అన్న మాట వాడారు. అక్కడ అడ్డు తగలడం ఇష్టం లేక ఇక్కడ విడిగా అడుగుతున్నాను: ఆ మహానగరాలు ఎక్కడున్నాయి? 1958లో షికాగోలో జరిగిన సదస్సులో ఈజిప్టు చరిత్ర పండితుడు జాన్ విల్సన్ ఈజిప్టును "నగరాలు లేని నాగరికత" అన్నది చమత్కారానికి కాదు. మెసపొటేమియాలో ఊరుక్, ఊర్ వంటివి ఎవరి గోడ వారికి, ఎవరి దేవుడు వారికి, ఎవరి రాజు వారికి అన్నట్టు పెరిగాయి. ఈజిప్టులో రాజు ఒక్కడే; అతని పిరమిడ్ ఎక్కడ లేస్తే కొలువు అటు జరిగేది; మిగిలిన జనమంతా నైలు వెంబడి పల్లెల్లో బతికారు. గోడా, సంతా, తనదైన పాలనా లేని జనావాసాన్ని నగరం అనడానికి, నలభై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాకు మనసొప్పదు.

బాటసారి:
మాస్టారూ, నగరం లేకుండా నాగరికత ఎక్కడి నుంచి వస్తుందండీ? మాటలోనే ఉంది కదా.

కొలబద్ద:
మాట పుట్టుకను బట్టి తీర్పు చెప్పడం మొదలుపెడితే మనం ఎటూ తేలం. నేను వృత్తిరీత్యా సర్వేయరును, కాబట్టి ముందు నేల సంగతి అడుగుతాను. నైలు ఏటేటా పొంగి ఒండ్రు పరిచిన మాగాణిలో పాత ఊళ్లు ఆ ఒండ్రు కిందా, భూగర్భ జలాల్లోనూ, ఇప్పటి ఊళ్ల పునాదుల కిందా ఉన్నాయి. పాత రాజధాని మెంఫిస్ మీద ఇప్పుడు మీత్ రహీనా ఊరు ఉంది. నది తూర్పుకు జరుగుతూ పోవడంతో ఆ పట్నం కూడా నదితోపాటు జరిగింది. మనకు చక్కగా దొరికినవి ఎడారి అంచున కట్టి, తరవాత జనం వదిలేసిన చోట్లు. 1889 ప్రాంతంలో ఫ్లిండర్స్ పెట్రీ తవ్విన కాహున్ అలాంటిదే, అమర్నా అలాంటిదే, రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు దైర్ అల్-మదీనా అలాంటిదే. ఈ మూడూ ప్రభుత్వం తన అవసరానికి కట్టించినవి. వాటిని చూసి "ఈజిప్టులో ఊళ్లన్నీ రాజు గీసిన గీతలే" అనడం, ప్రభుత్వ క్వార్టర్లు మాత్రమే చూసి దేశంలో ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయని చెప్పడం లాంటిది.

పాత పలక:
కొలబద్ద గారు నా మాటనే బలపరుస్తున్నారని గమనించాలి. దొరికినవన్నీ రాజు కట్టించినవే అని ఆయనే ఒప్పుకున్నారు. కాహున్‌లో 60 మీటర్ల పొడవు, 42 మీటర్ల వెడల్పు ఉన్న అధికారుల లోగిళ్లు ఒకవైపు, 200కు పైగా అగ్గిపెట్టెల లాంటి ఇళ్లు గోడకు అవతల ఇంకోవైపు ఉన్నాయి. అది సెనుస్రెత్ రెండవ రాజు పిరమిడ్ కొలువు కోసం వేసిన కాలనీ. అమర్నా మరీ అన్యాయం. అఖెనాటెన్ ముచ్చటపడి లేపిన ఆ రాజధాని ఇరవై ఏళ్లయినా నిండకుండా ఖాళీ అయింది. దానికి ఊరి చుట్టూ గోడ కూడా లేదు. గోడ లేని నగరాన్ని నాకు ఒక్కటి చూపించండి.

మట్టిమిద్దె:
గోడ గోడ అని పట్టుకున్నారు గనుక అడుగుతున్నాను, మెంఫిస్‌కు తొలినాటి పేరు ఏమిటి మాస్టారూ? "ఇనెబ్ హెజ్", అంటే తెల్ల గోడ. ఊరి పేరే గోడ. ఈజిప్టు దక్షిణ సరిహద్దున నైలు మధ్యనున్న ఎలిఫాంటైన్ దీవిలో జర్మన్ పురావస్తు సంస్థ వారు 1969 నుంచి తవ్వుతున్నారు. అక్కడ తొలి రాజవంశాల నాటికే కోటగోడ ఉంది, ఆ గోడ కోసం సతెత్ దేవత గుడి ముందరి స్థలాన్ని కూడా కోసేశారు. ఆ దీవిలో వేల ఏళ్లు ఒకదాని మీద ఒకటి ఇళ్లు లేచాయి.

అయినా నేను చెప్పదలచుకున్నది గోడ గురించి కాదు. మా సీమలో చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే ఊరవతల పాటిదిబ్బ మీదికి బండ్లు వెళ్లేవి. పాడుబడిన పాత ఊరి మన్ను సత్తువ గలదని చేలకు పాటిమన్ను తోలుకొనేవారు. గడ్డపార వేస్తే పెంకులూ, బూడిదా, ఎముక ముక్కలూ, అప్పుడప్పుడు ఒక పూసా వచ్చేవి. పూస పిల్లలకు, మన్ను చేనుకు. ఈజిప్టులో దాన్నే సెబఖ్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆ మన్ను కోసం దిబ్బలకు దిబ్బలే తవ్వేశారు, కొన్నిచోట్ల చిన్న రైలు పట్టాలు వేసి మరీ తోలుకుపోయారు. మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 1924లో కరానిస్‌కు చేరేసరికి ఊరి నడిబొడ్డు గుంట అయిపోయి ఉంది. అమర్నాలో 350కి పైగా మట్టిపలకల మీద దొరికిన రాజుల ఉత్తరాలు కూడా 1887లో మొదట పడింది ఈ మన్ను తవ్వేవాళ్ల చేతికే. నగరాన్ని బండ్లకెత్తి చేలల్లో చల్లేసిన తరవాత "నగరం ఏది, చూపించండి" అని అడుగుతున్నాం మనం.

ఇసుక తిన్నె:
చిన్న సవరణ. కరానిస్ ఫారోల తరవాత ఏలిన గ్రీకు రాజులు టాలెమీల కాలంలో పుట్టి రోమన్ల కాలంలో పెరిగిన ఊరు. ఫారోల కాలానికి అది సాక్ష్యం కాదు.

మట్టిమిద్దె:
కాలం గురించి మీరన్నది నిజమే. నేను దాన్ని తెచ్చింది దిబ్బలు ఎలా పోయాయో చెప్పడానికి.

పాత పలక:
సవరణకు ధన్యవాదాలు. చూశారా, పునాది రాయి ఒకటి అప్పుడే జారింది. ఇక "తెల్ల గోడ" సంగతి: అది తొలి రాజుల కోట చుట్టూ ఉన్న గోడ పేరు కావచ్చు, తరవాతి పట్టణానికి గోడ ఉందనడానికి అది చాలదు. ఎలిఫాంటైన్ సరిహద్దు ఠాణా. ఠాణాకు గోడ ఉండడంలో వింత లేదు.

బాటసారి:
2021లో లక్సర్ దగ్గర బంగారు నగరం బయటపడింది కదా. దానితో ఈ చర్చ తీరిపోయినట్టే.

కొలబద్ద:
తీరలేదండీ. ఆ ఏడాది ఏప్రిల్ 8న ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ ప్రకటించిన ఆ చోటు మూడవ ఆమెన్‌హోటెప్ కాలానిది. టుటన్‌ఖామున్ స్మారకాలయం కోసం వెదుకుతుంటే ఇళ్లూ, రొట్టెల బట్టీలూ, వంకర్లు తిరిగిన పొడవాటి గోడా బయటపడ్డాయి. గొప్ప ఆవిష్కరణే గాని, పత్రికా ప్రకటనలో "నగరం" అని ఉన్నంత మాత్రాన అది నగరం అయిపోదు. రాజప్రాసాదానికీ ఆలయాలకూ సరుకు చేసిపెట్టే పనివాడ అనడానికి కూడా అంతే అవకాశం ఉంది. ఈ విషయంలో నేను మాస్టారి పక్షాన ఉన్నాను.

మాస్టారి పక్షాన లేని విషయం ఇంకొకటి ఉంది. మీరు చెప్పే నగరానికి కొలత ఊరుక్. ఈజిప్టు వారి సొంత మాట ఏమిటో చూడండి. "నియుత్" అనే పదానికి గుర్తు ఒక గుండ్రని గిరి, లోపల అడ్డంగా కలిసే దారులు. ఇప్పటి లక్సర్ చోట ఉన్న థీబ్స్‌ను వారు పేరు చెప్పకుండా "నియుత్" అనేవారు. అదే గుర్తును చిన్న పల్లెలకూ పెట్టేవారు. మనం "ఊరెళ్తున్నా" అన్నట్టే ఇది. హైదరాబాదూ ఊరే, పదిళ్ల పాలెమూ ఊరే. ఆ భాషలో గీత లేని చోట మనం గీత గీసి, వారు దాటలేదంటున్నాం.

పాత పలక:
గీత లేకపోవడమే నా వాదన! నగరానికీ పల్లెకూ తేడా చూపే మాట ఒక జాతికి అవసరం పడలేదంటే, ఆ తేడా వారి జీవితంలో లేదనే కదా అర్థం.

మట్టిమిద్దె:
తేడా లేదా? అమర్నాలో ఒక కాలంలో 20,000 నుంచి 50,000 మంది ఉండి ఉంటారని అంచనాలు ఉన్నాయి. నడిమి భాగంలోని గుడులూ ప్రాసాదాలూ రాజు గీయించినవి. వాటికి ఉత్తరాన, దక్షిణాన పేటలు ఎవరూ గీయకుండా పెరిగాయి. 1977 నుంచి అక్కడ పనిచేసిన బారీ కెంప్ బృందం చూపించింది అదే. పెద్ద ఇల్లు ఒకటి బావి తవ్వి, గాదెలు కట్టి కూర్చుంటే దాని గోడ ఆనుకొని చిన్న ఇళ్లు ముద్దగా మొలిచాయి. శిల్పి తుత్‌మోస్ ఇంటి ఆవరణలోనే 1912లో నెఫర్టిటీ విగ్రహం దొరికింది, ఏ గుడిలోనూ కాదు. తూర్పున, పనివాళ్ల ఊరి పక్కన పంది దొడ్లు దొరికాయి. ఆ పందుల లెక్క అఖెనాటెన్ సరిహద్దు శాసనాల్లో ఉందా? రాజు నేలా నీళ్లూ చూసి నగరం అన్నాడు, జనం పందులను పెంచుకొని దాన్ని ఊరు చేశారు. ఇరవై ఏళ్లలోనే అంత జరిగితే మెంఫిస్‌లో వెయ్యేళ్లలో ఎంత జరిగి ఉంటుంది?

పాత పలక:
"జరిగి ఉంటుంది" అన్న చోటే చరిత్ర ఆగి కవిత్వం మొదలవుతుంది. అమ్మా, మీ పాటిదిబ్బల మీద మీకున్న మమకారాన్ని అర్థం చేసుకోగలను. కానీ మట్టి మీద జాలితో చరిత్ర రాయలేం. రాయి నిలిచింది, రాయి మాట్లాడుతుంది, మట్టి కరిగింది. ఎడ్ఫూలో గుడి నేటికీ నిలబడి ఉంది, పక్కన ఊరేది?

మట్టిమిద్దె:
పక్కనే ఉంది మాస్టారూ. ఆ గుడి వెనకాల దిబ్బలోనే నదీన్ మోలర్ బృందం 5.5 నుంచి 6.5 మీటర్ల అడ్డుకొలత ఉన్న మట్టి ఇటుకల గాదెలు కనీసం 7 బయటపెట్టింది. గుడి టాలెమీలది, గాదెలు అంతకంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. యాత్రికులు రాతి గుడి చూసి, దిబ్బను చూడకుండానే బస్సెక్కుతారు.

రాయి మాట్లాడుతుందన్నారు. రాయి అబద్ధం కూడా చెబుతుంది. రెండవ రామ్సెస్ కట్టించిన రాజధాని పీ-రామ్సెస్ పక్కన నైలు పాయ పూడిపోతే, అక్కడి స్తంభాలనూ విగ్రహాలనూ తానిస్‌కు లాక్కుపోయారు. 1929 నుంచి తానిస్‌లో తవ్విన పియర్ మోంతే ఆ రాళ్ల మీద రామ్సెస్ పేరు చూసి ఇదే పీ-రామ్సెస్ అనుకున్నాడు. రాయి ఊరు మారింది. మట్టి పునాదులు కంతీర్ పొలాల కింద కదలకుండా ఉన్నాయి. తవ్వకుండా అయస్కాంత కొలతలతోనే అక్కడి వీధుల పటం గీశారు. ఆ వీధులను కూడా జాలి అంటారా?

మీరు "జాలి" అన్నారు గనుక సొంత సంగతి చెబుతాను. మా ఊరు ఒక జలాశయం కింద మునిగింది. గుడి రాళ్లకు నంబర్లు వేసి, లారీల్లో తీసుకెళ్లి, ఎత్తైన చోట మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేసినవారికి నా దండం. మా మిద్దెకు మా తాత చవుడు మన్ను మోసి ప్రతి వానాకాలం ముందూ కప్పు వేసేవాడు. పరిహారం కాగితంలో దాన్ని "కచ్చా ఇల్లు" అని ఒక్క ముక్కలో రాశారు. అస్వాన్ ఆనకట్ట నీట మునిగిన నూబియాలో జరిగింది ఇదే. అబూ సింబెల్‌ను కోసి 65 మీటర్ల ఎత్తుకు జరిపారు. బుహెన్‌లో హత్షెప్సుత్ కట్టించిన రాతి గుడిని ఖార్టూమ్ మ్యూజియానికి తరలించారు. దాని చుట్టూ ఉన్న మధ్య రాజ్యకాలపు మట్టి ఇటుకల కోటను వాల్టర్ ఎమరీ 1957 నుంచి తవ్వి, కొలిచి, నీళ్లకు వదిలేయవలసి వచ్చింది. మీకు గోడ కావాలి కదా, 5 మీటర్ల మందం గోడ అది.

ఇసుక తిన్నె:
నాగార్జునకొండలో కూడా స్తూపాలూ విహారాలూ కొన్ని కొండమీదికి చేరాయి, విజయపురి లోయ నీటిలో ఉంది.

పాత పలక:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. "జాలి" అన్న మాట పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను.

నాకూ ఒక సొంత సంగతి ఉంది, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా పరిశోధన వ్యాసంలో ఒక ప్రాచీన ఆంధ్ర స్థలాన్ని "నగరం" అని రాశాను. పరీక్షకులు ఆ పదం ఎన్నిసార్లు వచ్చిందో ఎర్ర సిరాతో లెక్కపెట్టి, "గోడ ఎక్కడ? సంత ఎక్కడ?" అని పక్కన రాసి తిప్పి పంపారు. ఒక్కో నగరాన్నీ కొట్టేసి "జనావాసం" అని తిరగరాశాను. అప్పటి నుంచి ఆ పదాన్ని ఎవరు తేలికగా వాడినా నాకు ఒళ్లు మండుతుంది. నేను అంత కష్టపడి వదులుకున్న మాటను ఇతరులు సాక్ష్యం లేకుండా తీసుకుంటున్నారనిపిస్తుంది.

కొలబద్ద:
ఇప్పుడు అసలు తగువు ఏమిటో నాకు తెలిసింది. ఈజిప్టులో నగరం ఉందా అన్నది కాదు మీ ఇద్దరి మధ్య ఉన్నది. సాక్ష్యం పోయినప్పుడు ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి అన్నది. మాస్టారు, లేనిదాన్ని లేదనే రాయాలంటారు. మట్టిమిద్దె గారు, పోవడానికి కారణం తెలిసినప్పుడు ఆ కారణాన్ని కూడా రాయాలంటారు. సర్వేలో మేము నీళ్లున్న చోట ఖాళీ వదలం, "నీళ్లు" అని రాస్తాం.

మట్టిమిద్దె:
మాస్టారూ, మీ పరీక్షకులు కాహున్‌కు కూడా అదే ప్రశ్న వేసేవారేమో. అక్కడ గోడ ఉంది, సంతకు మాత్రం ఆనవాలు లేదు. ఇళ్ల నేల కింద చెక్కపెట్టెల్లో పసిబిడ్డలను పాతిపెట్టి ఉన్నారని పెట్రీ రాశాడు. కాలనీకి పంపిన కూలీలు అక్కడే కని, అక్కడే పాతుకున్నారు. దాన్ని మీరు ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు, "కచ్చా" అనకుండా ఉంటే చాలు.

పాత పలక:
కాహున్‌ను పట్టణం అంటాను. ఎడ్ఫూ గాదెల గురించి చదివి చెబుతాను. అమర్నాకు మాత్రం గోడ లేదు.

బాటసారి:
గోడ దగ్గరికే వచ్చాం మళ్లీ.