మామిడి, ద్రాక్ష తోటల కత్తిరింపు కొమ్మలు: విద్యుత్తుకు పనికొస్తాయా, వేడికా?

కోలారు_తోట (బెంగళూరు):
మిత్రులకు నమస్కారం. మేము బెంగళూరులో స్థిరపడినా, శ్రీనివాసపురం దగ్గర మా కుటుంబానికి మామిడి తోట, చిక్కబళ్లాపురం వైపు కొంత ద్రాక్ష ఉన్నాయి. మామిడి కోత ముగిశాక గుబురు కొమ్మలు తీయించినప్పుడూ, ద్రాక్షకు ఏటా రెండుసార్లు కత్తిరింపు చేయించినప్పుడూ గట్ల మీద గుట్టలకొద్దీ పుల్ల పోగుపడుతుంది. లావు కట్టెలను కూలీలు ఇళ్లకు తీసుకువెళ్తారు, మిగిలినదాన్ని అక్కడే తగలబెట్టడం ఆనవాయితీగా వస్తోంది. ఇంత ఇంధనం పొగగా పోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంది. చిన్న గ్యాసిఫయర్ (కట్టెను మండే వాయువుగా మార్చే యంత్రం) పెట్టి బోరుకు విద్యుత్తు తీయడం మేలా, లేక బ్రికెట్లుగా (పొడి చేసి అదిమిన ఇంధన దిమ్మలుగా) చేసి అమ్మడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వేడి_లెక్క:
ముందు తేమ సంగతి చూడండి, ఎందుకంటే ఈ వ్యవహారమంతా దాని మీదే ఆధారపడి ఉంది. అప్పుడే కొట్టిన కొమ్మలో దాదాపు సగం నీరే ఉంటుంది కాబట్టి, ఒక టన్ను పచ్చి కొమ్మ 20 శాతం తేమకు ఆరేసరికి సుమారు 625 కిలోలు మిగులుతుంది. అందులోని వేడి 19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండర్లు పదింటితో సమానం. అయితే కట్టెల పొయ్యిలో వృథా ఎక్కువ కనుక చేతికందేది అంతకంటే తక్కువే. అదే కట్టెను చిన్న గ్యాసిఫయర్‌లో వేస్తే యూనిట్ విద్యుత్తుకు 1 నుంచి 1.5 కిలోలు ఖర్చవుతుంది, అంటే 400 నుంచి 600 యూనిట్ల వరకు వస్తాయి. వినడానికి బాగానే ఉన్నా, కర్ణాటకలో 10 హెచ్‌పీ వరకు సాగునీటి పంపుసెట్లకు విద్యుత్తు ఉచితమే అయినప్పుడు, బోరు కోసం గ్యాసిఫయర్ మీద పెట్టిన డబ్బు ఎక్కడి నుంచి తిరిగి వస్తుంది?

పైగా ఆ యంత్రానికి ఒకే పరిమాణంలో ఉన్న, బాగా ఎండిన ముక్కలు కావాలి. సన్నని రెమ్మలు, బెరడు, పొట్టు ఎక్కువైతే గాలి సరిగా ఆడక వాయువులో జిగట తారు పెరుగుతుంది. మన భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో తుమకూరు జిల్లా హోసహళ్లిలో కట్టె గ్యాసిఫయర్‌తో ఊరికి విద్యుత్తు ఇచ్చినప్పుడు, దానికి కావలసిన కట్టె కోసం ప్రత్యేకంగా చెట్లు పెంచారు. మీ తోట పుల్ల ఏడాదంతా రాదు, సీజనులో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అందువల్ల దీన్ని వేడి కోసం, అదీ దగ్గరలోనే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. స్పెయిన్‌లోని విలఫ్రాంకా దెల్ పెనెదెస్‌లో చుట్టుపక్కల ద్రాక్షతోటల కత్తిరింపులను సేకరించి భవనాలకు వేడి అందించడంలోనూ ఉన్నది ఈ సూత్రమే.

గూళ్ల_ఊరు:
ఆ దగ్గరి వేడి అవసరం మీ పక్కనే ఉంది. శిడ్లఘట్టలో పట్టుదారం తీసే యూనిట్లకు గూళ్లు ఉడికించడానికి రోజూ వేడినీళ్లు కావాలి, కట్టెలే ప్రధాన ఇంధనంగా ఉన్న యూనిట్లు ఇంకా చాలా ఉన్నాయి. మా బంధువుల యూనిట్‌లో మామిడి కట్టె తీసుకుంటారు, పచ్చిదైతే మాత్రం ధర తగ్గిస్తారు. విడి పుల్లను లారీకి ఎక్కిస్తే బరువు కంటే గాలే ఎక్కువ పోతుంది కనుక, తోటలోనే మోపులు కట్టించడమో చిప్పర్‌తో ముక్కలు చేయించడమో తప్పదు. బ్రికెట్ యంత్రం ఒక్క తోట సరుకుతో నిండదు, నలుగురు రైతులు కలిస్తేనే ఆలోచించండి.

నేల_ఆరోగ్యం:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. చెట్టు నేల నుంచి తీసుకున్న నత్రజనిలోనూ పొటాష్‌లోనూ పెద్ద భాగం ఆకుల్లో, లేత రెమ్మల్లో ఉంటుంది. వాటిని తోట దాటించి, మళ్లీ డబ్బు పెట్టి ఎరువు కొనడం న్యాయం కాదు. లేత రెమ్మల బూడిదలో పొటాష్ ఎక్కువ కావడం వల్ల అది తక్కువ వేడికే కరిగి పొయ్యి జాలీ మీద గడ్డకడుతుంది కాబట్టి, ఇంధనంగానూ అవి నాసిరకమే. బొటనవేలి కంటే లావున్న కొమ్మలనే ఇంధనానికి పంపి, మిగిలింది పాదుల్లో పరచండి. కాండం తొలిచే పురుగు ఉన్న కొమ్మలను మాత్రం నిల్వ చేయకుండా ముందుగా కాల్చేయాలి. ద్రాక్షకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) కొడుతూ ఉంటే బూడిదలో రాగి చేరుతుంది గనుక, దాన్ని ఏటా ఒకే చోట పోయకండి. పందిరి తీగ ముక్కలు, ప్లాస్టిక్ కట్లు ఏరకుండా పుల్లను చిప్పర్‌లో వేయవద్దు.

కోలారు_తోట:
అందరికీ కృతజ్ఞతలు. విద్యుత్తు ఆలోచన మానుకొని శిడ్లఘట్టలో విచారిస్తాను. ఒక్క సందేహం మిగిలింది: మామిడి కత్తిరింపు జూలై, ఆగస్టు నెలల్లో జరుగుతుంది, ఆ తరువాత వానలు. ఎలా ఆరబెట్టాలి?

వేడి_లెక్క:
కొట్టిన కొమ్మలను ఆకులతోనే రెండు మూడు వారాలు తోటలో ఉంచండి. ఆకులు వాడిపోయేవరకు కొమ్మలోని నీటిని పీల్చి బయటికి పంపుతూనే ఉంటాయి, ఆ తరువాత దులిపితే రాలి తోటలోనే మిగులుతాయి. పై మిత్రుల అభ్యంతరం కూడా చాలావరకు తీరుతుంది. పిమ్మట కొమ్మలను నేలకు తగలకుండా అడుగున దుంగలు వేసి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి. టార్పాలిన్‌తో నాలుగు వైపులా మూసేస్తే లోపల బూజు పడుతుంది. అమ్మేముందు తేమ మీటరుతో చూసేటప్పుడు, కొన దగ్గర కాకుండా, కొమ్మను మధ్యకు కోసి ఆ కోత మీద కొలవండి. కొనలు ఎప్పుడూ ముందే ఆరిపోతాయి.